సంచుల్లో వచ్చిన ఆ రాళ్ళను పారవేయకండి

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారములు.

గత శుక్రవారం సాయంత్రం మీ పిల్లల సంచులు తెరిచినప్పుడు తడిసిన మేజోళ్ళతో పాటు పాత వార్తాపత్రిక ముక్కల్లో చుట్టిన రెండు మూడు బూడిదరంగు రాళ్ళు కూడా మీకు కనిపించి ఉంటాయి. వాటిలో కొన్ని ఈపాటికే చెత్తబుట్టలోకి చేరి ఉంటాయేమోనన్న భయంతోనే ఈ నెల వార్తాలేఖను పరీక్షల సంగతితో కాక ఆ రాళ్ళ సంగతితో మొదలుపెడుతున్నాను. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు ఆ రోజు సముద్రతీరంలో మూడు గంటల పాటు నడుము వంచి వెతికి తెచ్చుకున్న శిలాజాలు అవి. అన్నీ శిలాజాలు కావు, కానీ ఆ మాట తర్వాత చెబుతాను.

ఇంత చలిలో పిల్లలను సముద్రం ఒడ్డుకు తీసుకువెళ్ళడం అవసరమా అని కొందరు తల్లిదండ్రులు ముందుగానే అడిగారు. అది అడగవలసిన ప్రశ్నే. వేసవిలో నెమ్మదిగా వచ్చే అలలు ఇసుకను ఒడ్డుకు చేర్చి, అడుగున ఉన్న రాతి పొరలను దుప్పటి కప్పినట్టు కప్పేస్తాయి. శీతాకాలపు తుఫానులలో లేచే పెద్ద అలలు అదే ఇసుకను లోపలికి లాక్కుపోతాయి కాబట్టి, ఏడాదంతా కనబడని బంకరాతి పొరలు ఆ కొద్ది నెలలు మాత్రమే బయటపడతాయి. పైగా వానకు నాని, పగుళ్ళలో చేరిన నీరు గడ్డకట్టి, కొండచరియలు ఈ కాలంలోనే ఎక్కువగా విరిగి పడతాయి. పడిన మట్టిని అలలు కడుక్కుపోగా, గట్టి రాళ్ళు మిగులుతాయి. అంటే శిలాజాలను తవ్వే పని చాలావరకు సముద్రమే చేసిపెడుతుంది, మనం చేయవలసింది సమయానికి అక్కడ ఉండడమే. కాస్త ఆలస్యమైతే తరువాతి పోటు ఆ రాళ్ళను కూడా దొర్లించి అరగదీస్తుంది.

ఈ విద్యలో ఇప్పటికీ అందరూ ముందుగా తలచుకునే మేరీ ఆనింగ్ కూడా చలికాలాన్నే నమ్ముకున్నారు. ఇంగ్లండు దక్షిణ తీరంలోని లైమ్ రీజిస్ పట్టణంలో 1799లో పుట్టిన ఆమెకు ఈ వెతుకులాట నేర్పింది వడ్రంగం పని చేసే తండ్రి. ఆయన 1810లో చనిపోయిన తరువాత అదే ఆ కుటుంబానికి జీవనాధారమైంది. 1811లో ఆమె అన్న జోసెఫ్ ఇక్తియోసార్ అనే పురాతన సముద్రపు సరీసృపం పుర్రెను గుర్తించగా, మరుసటి ఏడాది మిగిలిన అస్థిపంజరాన్ని మేరీ కనుగొన్నారు. అప్పటికి ఆమెకు పన్నెండు, పదమూడేళ్ళు, అంటే మన ఏడో తరగతి పిల్లల వయసే. పొడవాటి మెడ గల మరో సముద్రపు సరీసృపమైన ప్లీసియోసార్ పూర్తి అస్థిపంజరం ఆమెకు దొరికింది 1823 డిసెంబరులో, ఎగిరే సరీసృపమైన టెరోసార్ ఎముకలు దొరికింది 1828 డిసెంబరులో. ఆమె వెలికితీసిన వాటి గురించి పండితులు వ్యాసాలు చదివిన లండన్ జియలాజికల్ సొసైటీ 1919 వరకు స్త్రీలను సభ్యులుగా చేర్చుకోనే లేదని తెలిసినప్పుడు మా ఎనిమిదో తరగతి ఆడపిల్లల ముఖాలు ఎలా మారాయో మీరు చూడవలసింది.

శుక్రవారం జరిగిన ఒక సంఘటనను మాత్రం వివరంగా చెప్పాలి. ఏడో తరగతి అమ్మాయి ఒకతె గుప్పిటలో పట్టేంత రాయి తెచ్చి నాకు చూపించింది. అంచున సన్నని గీత తప్ప నాకేమీ కనిపించలేదు, అది పగులే అయి ఉంటుందని చెప్పి తిప్పి ఇచ్చేశాను. "కాదు టీచర్, ఇటు వాలుగా పట్టి చూడండి" అని ఆమె ఆ రాయిని సూర్యుడికి అడ్డంగా తిప్పింది. శీతాకాలంలో మధ్యాహ్నం కూడా ఎండ ఏటవాలుగానే పడుతుంది. ఆ వెలుతురులో గీత పక్కన మరో గీత, దాని పక్కన ఇంకొకటి, ఒక్కొక్కటీ సన్నని నీడ వేస్తూ, దువ్వెన పళ్ళ మాదిరిగా వరుసగా తేలాయి. సైన్సు టీచరు కళ్ళద్దాలు పెట్టుకుని, పిల్లలను దూరంగా నిలబెట్టి, సుత్తితో అంచు మీద తట్టారు. మూడో దెబ్బకు రాయి పుస్తకం తెరిచినట్టు రెండుగా విడిపోయింది. ఒక సగంలో చుట్లు చుట్టుకున్న అమ్మోనైట్, మరో సగంలో దాని అచ్చు. పెంకు విరిగిన చోట లోపలి చిన్న చిన్న గదులు కనిపించాయి, వాటిలో తేనెరంగు స్ఫటికాలు మెరుస్తున్నాయి. బతికి ఉన్న రోజుల్లో ఆ గదుల్లో వాయువు నింపుకుని నీటిలో తేలిన ప్రాణి అది. దాని జాతి మొత్తం 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ క్రితం, డైనోసార్లు అంతరించిన కాలంలోనే అంతరించిపోయింది. గండకీ నదిలో దొరికే సాలగ్రామాలలో కనిపించే చక్రాలు కూడా ఇటువంటి అమ్మోనైట్లవే, హిమాలయాలు ఉన్న చోట ఒకప్పుడు సముద్రం ఉండేదనడానికి అవి సాక్ష్యం. ఆ అమ్మాయి అమ్మోనైట్ ఉన్న సగాన్ని తాను ఉంచుకుని, అచ్చు ఉన్న సగాన్ని తన జంటగా వెతికిన స్నేహితురాలికి ఇచ్చింది. ఆ రెండు ఇళ్ళలోని తల్లిదండ్రులకు నా మనవి ఏమిటంటే, ఆ రెండు ముక్కలకూ ఒకే చీటీ నకలు రాసి పెట్టండి, లేకపోతే పదేళ్ళ తర్వాత వాటి బంధుత్వం ఎవరికీ తెలియదు.

చీటీ అన్నది చిన్న విషయం కాదు. ఎక్కడ, ఏ రోజు, ఏ పొర కింద, ఎవరికి దొరికిందో రాసి లేని శిలాజం అందమైన వస్తువుగా మిగులుతుంది తప్ప సాక్ష్యంగా పనికిరాదు. అందుకే దొరికిన రాయిని పిల్లలు వెంటనే సంచిలో వేసుకోకుండా, ముందు పుస్తకంలో రాసి, ఆ తర్వాతే కాగితంలో చుట్టాలని నియమం పెట్టాము. తూటా ఆకారంలో, వేలంత పొడవున ఉన్నవి స్క్విడ్ బంధువులైన బెలెమ్నైట్ల శరీరం లోపలి గట్టి భాగాలు. వంకర తిరిగిన బొటనవేలి గోరులా ఉన్నది పాతకాలపు ఆల్చిప్ప. చొక్కా గుండీ కంటే చిన్నగా, ఐదు మొనల నక్షత్రంలా ఉన్న బిళ్ళలు సముద్రపు లిల్లీ అనే ప్రాణి కాడ ముక్కలు. పేరుకు లిల్లీ అయినా అది జంతువే.

ఇంట్లో వాటిని కాపాడే తీరు రాయిని బట్టి ఉంటుంది. మామూలు సున్నపురాతి ముక్కలను మంచినీటిలో నాలుగైదు రోజులు నానబెట్టి, రోజూ నీరు మార్చండి. లోపల చేరిన సముద్రపు ఉప్పు అలాగే ఉండిపోతే, ఆరేటప్పుడు స్ఫటికాలు కట్టి పైపొరను పెచ్చులుగా రాల్చేస్తుంది. బంగారంలా మెరిసే ముక్కలు ఉంటే అవి బంగారం కావు, పైరైట్ అనే ఇనుప ఖనిజం. వాటిని నానబెట్టవద్దు. త్వరగా కడిగి, బాగా ఆరబెట్టి, చెప్పుల పెట్టెల్లో వచ్చే తేమ పీల్చే చిన్న పొట్లం ఒకటి వేసి, గట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టండి. తేమ తగిలితే అవి కొన్నేళ్ళలో గంధకపు వాసనతో పొడిపొడిగా రాలిపోతాయి. శుభ్రమవుతుందని నిమ్మరసం, వెనిగర్ వంటివి దేని మీదా వాడకండి, ఆమ్లం సున్నపురాతితో పాటు శిలాజాన్నీ తినేస్తుంది.

ఇక దాచకుండా చెప్పవలసిన సంగతి ఒకటి ఉంది. కొండచరియ కింద నిలబడకూడదని పిల్లలకు ముందే చెప్పాము. అయినా ఇద్దరు అబ్బాయిలు మెరిసే రాయి కోసం చరియ మొదలు దాకా వెళ్ళారు. టీచరు ఈల వేయగానే వెనక్కి వచ్చారు, ఆ తర్వాత కొద్దిసేపటికి అదే వైపు కొంత మట్టి, రెండు రాళ్ళు జారిపడ్డాయి. ఎవరికీ ఏమీ కాలేదు. పిల్లలను నేను మందలించలేదు, ఎందుకంటే హద్దును కంటికి కనిపించేలా గీయకుండా నోటిమాటతో సరిపెట్టిన తప్పు నాది. మేరీ ఆనింగ్ వెంట తిరిగే కుక్క ట్రే 1833లో ఇటువంటి చరియ కిందనే, ఆమె కళ్ళ ముందే చనిపోయిందని బస్సులో పిల్లలకు చెప్పినది నేనే. చెప్పిన నేనే ఇంకాస్త జాగ్రత్త పడి ఉండవలసింది. తరువాతి యాత్రలో చరియకు దూరంగా జెండాలు పాతి తాడు కడతాము, ప్రతి ఆరుగురు పిల్లలకు ఒక పెద్దవారు ఉంటారు. సుత్తి టీచర్ల చేతిలోనే ఉంటుంది. చరియను ఎవరూ తవ్వరు, ఊడి కింద పడి ఉన్నవాటినే ఏరుకుంటారు.

ఆ యాత్ర తేదీని సెలవులను బట్టి కాక ఆటుపోటుల పట్టికను బట్టి నిర్ణయిస్తాము. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులలో ఆటు సమయానికి నీరు మిగిలిన రోజుల కంటే ఎక్కువ దూరం వెనక్కి తగ్గుతుంది. నీరు తగ్గుతున్నప్పుడు దిగి, తిరిగి పోటు మొదలవగానే, ఎంత మంచి రాయి కళ్ళ ముందున్నా సరే, పైకి వచ్చేస్తాము. పిల్లలకు రెండు జతల మేజోళ్ళు, చెవులు కప్పే టోపీ, నీరు జారని బూట్లు పంపండి. పెద్దవారిగా వెంట రాగలిగినవారు తరగతి టీచరుకు పేరు ఇవ్వండి.

వచ్చే సోమవారం శిలాజాలన్నింటినీ చీటీలతో సహా పాఠశాలకు పంపించండి, హాలులో బల్లల మీద ప్రదర్శిస్తాము. ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకరు ఎంతో మురిపెంగా తెచ్చిన గవ్వ శిలాజం కాదని, నిన్నమొన్నటి దాకా బతికి ఉన్న ప్రాణిదేనని తేలింది. తేలికగా ఉంది, రంగు పోలేదు, లోపల రాయి నిండలేదు. అతడు దానిని పారవేయడానికి ఒప్పుకోకుండా "శిలాజం కాదు, ఇంకా కాలేదు" అని చీటీ రాశాడు. అది కూడా ఒక బల్ల మీద ఉంటుంది.

ఇట్లు,
మీ ప్రధానోపాధ్యాయురాలు