స్వాతికి, ఒక తలుపు గురించి

చిరంజీవి స్వాతికి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరమూ క్షేమం. కార్తీకం మొదలైంది. మీ అమ్మ తెల్లవారుజామున నాలుగింటికే లేచి తలస్నానం చేసి దీపాలు పెడుతోంది, మోకాళ్ల నొప్పులతో వద్దంటే వినదు. తుపాను వానలకు పెరటి తలుపు మళ్లీ ఉబ్బి బిగుసుకుపోయింది. నిన్న చిత్రిక పట్టి అంచు కాస్త సన్నం చేశాను. పట్టినంతసేపూ నీ విమానం తలుపే గుర్తుకొచ్చింది. నువ్వు ఫోను చేసి ఇవాళ్టికి 23 రోజులు. "పని ఉంది నాన్నా, తర్వాత మాట్లాడతాను" అన్న ఒక్క ముక్క తప్ప ఏమీ లేదు.

మొన్న రమణత్త ఇంట్లో నోముకు వెళ్లినప్పుడు శేషు ఒక మాట అన్నాడు. మీ తలుపు పీడన పరీక్షలో పగిలిందట, లెక్క తప్పింది నీదేనని అక్కడ అంటున్నారట. వాడికి ఎవరు చెప్పారో నేను అడగలేదు. వాడి మాటలు నేను ఎప్పుడూ పట్టించుకోను, ఇప్పుడూ పట్టించుకోవడం లేదు. ఆ సంగతి వదిలెయ్.

హాంబర్గ్‌లో చలి ముదిరి ఉంటుంది. ఆ బూడిదరంగు శాలువా కప్పుకుంటున్నావా? రాత్రిళ్లు ఆఫీసు నుంచి వచ్చి బ్రెడ్డు ముక్క తిని పడుకోవద్దు. కుక్కరులో గుప్పెడు బియ్యం పడేస్తే ఎంతసేపు?

పోయినసారి వచ్చినప్పుడు డాబా మీద కూర్చుని నువ్వు చెప్పిన లెక్క నాకు ఇంకా నోటికి ఉంది. మీటరు పైచిలుకు వెడల్పు, 1.83 మీటర్ల ఎత్తు. పైకి వెళ్లాక లోపలి గాలికీ బయటి గాలికీ తేడా చదరపు సెంటీమీటరుకు 0.6 కిలోలు. మొత్తం కూడితే తలుపు మీద సుమారు 12 టన్నులు. మన చావడిలో 75 కిలోల వడ్ల బస్తాలు 160 పేర్చినంత బరువు, ప్రతి ప్రయాణంలోనూ ఒకసారి ఎక్కించి ఒకసారి దించడం. అంత బరువు మోస్తూ విరగకపోతే చాలదు, వంగకూడదు కూడా అన్నావు. ఉబ్బి అంచు లేచిందా, సీలు దగ్గర గాలి కారుతుంది. మందం రెట్టింపు చేస్తే బిగువు ఎనిమిది రెట్లవుతుంది కాబట్టి పలుచని రేకుల మధ్య తేనెపట్టు గదులు పెట్టడమో, వెనుక దూలాలు పెట్టడమో చేస్తారు. కార్బన్ పోగుల పలక అల్యూమినియం బరువులో ఇంచుమించు అరవై పాళ్లే తూగుతుంది. ఇదంతా నువ్వు చెబుతుంటే నేను తెలియనట్టు విన్నాను. అలా వినడం నాకు ఎంత బాగుందో!

అయితే ఒకటి. పోగు వెంట లాగితే ఉక్కుకు తీసిపోదు గానీ, పొరకూ పొరకూ మధ్య ఉన్నది గట్టిపడిన జిగురే. దూలం పలకను కలిసే మూల వంపు దగ్గర బరువు పడితే ఆ వంపు విచ్చుకోవాలని చూస్తుంది, పొరలు అక్కడ విడిపోతాయి. తలుపు చుట్టూ దాన్ని చట్రానికి ఆనించి పట్టే ఆపుల దగ్గరా అంతే, బరువంతా వచ్చి ఒక్కో చుక్క మీద కూర్చుంటుంది. నీది పగిలి ఉంటే ఈ రెండింటిలో ఒక చోటే పగిలి ఉంటుంది. శేషు చెప్పింది నిజమైతేనే సుమా.

సలహాలు రాయనని మీ అమ్మకు మాట ఇచ్చాను. అయినా, పొరల వరుస నడిమి నుంచి రెండు వైపులా ఒకేలా ఉందో లేదో ఇంకోసారి చూసుకో. లేకపోతే ఒత్తిడి పెట్టి కాల్చే ఆటోక్లేవ్ పొయ్యి నుంచి తీసి చల్లారాక పలక మెలితిరుగుతుంది. అల్యూమినియం ముక్క కార్బన్‌కు నేరుగా తగిలే చోట గాజుపొర వేశారా? తేమ చేరితే అల్యూమినియాన్ని తినేస్తుంది. విమానానికి భోజనాలు తెచ్చే బండి వచ్చి గుద్దేది తలుపు అంచునే, పైకి గీత కూడా కనిపించదు, లోపల పొరలు ఊడి ఉంటాయి. ఇవన్నీ నీకు తెలుసు. తెలిసినవే తొందరలో మరిచిపోతాం తల్లీ.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటి చెబుతాను. 1995లో, బెంగళూరులో, నువ్వు మీ అమ్మ కడుపులో ఏడో నెల. నేను పొరలు పేర్చే గదిలో ఉండేవాణ్ని. జిగురు పట్టిన ఆ గుడ్డను ప్రీప్రెగ్ అంటాం కదా, ఒక్కో ముక్కకూ పైన పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. అది ఒలిచి ముక్క పేర్చాలి, ఒలిచిన పొరను బుట్టలో వెయ్యాలి, చివరికి లెక్కపెట్టాలి. అది చిన్న తలుపు, 24 పొరలు. ఆ సాయంత్రం బుట్టలో 23 ఉన్నాయి. రెండుసార్లు లెక్కపెట్టాను. నాతో పనిచేసే ఆయన "చీపురుకు పోయి ఉంటుందిలే, బస్సు వెళ్లిపోతుంది" అన్నాడు. నేను కార్డు మీద 24 అని రాసి సంతకం పెట్టాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఉద్యోగం పోతే నెల తిరిగేసరికి అద్దె ఎలా, ఆసుపత్రి ఖర్చు ఎలా అని. మీ అమ్మ అడిగితే పంటి నొప్పి అన్నాను. తెల్లారేసరికి ఆటోక్లేవ్‌లో 180 డిగ్రీల కాక పూర్తయి తలుపు చల్లారుతోంది. చూడటానికి అద్దంలా ఉంది. నేరుగా సూపర్‌వైజరు దగ్గరకు వెళ్లి కార్డు చూపించి ఉన్నది చెప్పాను. అల్ట్రాసౌండ్ పెట్టి చూస్తే నడిమి పొరల్లో అరచేయంత మచ్చ. కోసి చూశాం. గోరు పెడితే చాలు, కాగితాల్లా విడిపోయాయి, మధ్యలో ఆ ప్లాస్టిక్ పొర తళతళమంటూ. అంత ఖరీదైన తలుపు పనికిరాకుండా పోయింది. నాకు మెమో ఇచ్చారు, ఒక ఇంక్రిమెంటు ఆపారు. మీ అమ్మకు కూడా సగమే చెప్పాను.

అటక మీద నీలం పెట్టెలో నల్ల ముక్క ఉండేది, గుర్తుందా? నువ్వు బడి ఆట ఆడుతూ దాని మీద సుద్దతో అ ఆలు దిద్దేదానివి. ఏమిటని అడిగితే పాత పలక అని చెప్పాను. అది ఆ తలుపు ముక్కే.

ఇంకొకటి కూడా చదువుకుని ఉంటావు. 1972 జూన్‌లో కెనడాలోని విండ్సర్ మీదుగా వెళ్తున్న డీసీ-10 విమానం సామాన్ల తలుపు గాలిలో ఊడిపోయింది. అదృష్టం బాగుండి అందరూ బతికారు. ఆ తలుపు పనిలో ఉన్న డాన్ యాపిల్‌గేట్ అనే ఇంజినీరు, ఈ తలుపులు మళ్లీ ఊడతాయి, విమానం పోతుంది అని పదిహేను రోజుల్లోనే కాగితం మీద పెట్టాడు. ఆ కాగితం వాళ్ల కంపెనీ గడప దాటలేదు. 1974 మార్చి 3న పారిస్ దగ్గర మరో డీసీ-10 తలుపు అలాగే ఊడి 346 మంది పోయారు. అందుకే అడుగుతున్నాను, నీకు ఏదైనా తేడాగా తోచి ఉంటే రాసి పెట్టావా? ఎవరికి ఇచ్చావు?

నీ తలుపు నేల మీద, పరీక్ష గదిలో పగిలింది. పగిలి ఉంటే. దానికి నువ్వు మా దగ్గర దాక్కోవడం ఎందుకు?

గరిష్ఠ బరువుకు ఒకటిన్నర రెట్లు పెట్టినప్పుడు 3 సెకన్లు నిలవాలి కదా, ఎంత దగ్గర పోయింది? ఏ మూల నుంచి మొదలైంది? ఫొటో పంపు, భూతద్దం పెట్టుకుని చూస్తాను. ఫోనులో చెప్పడం కష్టంగా ఉంటే ఉత్తరమే రాయి. మీ అమ్మకు మాత్రం ఆదివారం ఒకసారి ఫోను చెయ్యి, దీపాల దగ్గర కూడా ఫోను పక్కనే పెట్టుకుని కూర్చుంటోంది.

ఉసిరికాయ పచ్చడి, కందిపొడి గీత చేత పంపుతున్నాను, పదో తారీకున బయలుదేరుతుంది. సీసాకు మూడు కవర్లు చుట్టాను. మూడూ తీశాకే మూత విప్పు, నూనె కారుతుంది.

ఇట్లు
నాన్న