బెంగళూరు విమానాల చరిత్ర: తమ్ముడికి లండన్ నుంచి ఉత్తరం

చి. తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం.

బెంగళూరు విమానాల చరిత్ర మీద నీ పరిశోధనను ఇస్రోతో మొదలుపెడతానని రాశావు. వద్దు, 1940 డిసెంబరుకు వెళ్ళు. పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు సంస్థానంతో కలిసి హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ అనే విమానాల ఫ్యాక్టరీ పెట్టింది అప్పుడే. 1942లో దాని నిర్వహణ భారత ప్రభుత్వానికి వచ్చింది. మరుసటి ఏడాది అమెరికా సైన్యం దాన్ని విమానాల మరమ్మతు డిపోగా నడిపింది. టాటా ఇన్‌స్టిట్యూట్‌లో, అంటే ఇప్పటి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో, విమాన ఇంజనీరింగ్ శాఖ మొదలైంది 1942 డిసెంబరులో. ఆ శాఖను నడిపిన ఘాట్గే తర్వాత ఫ్యాక్టరీకి వెళ్ళి హెచ్‌టీ-2 అనే శిక్షణ విమానాన్ని రూపొందించాడు. అది 1951లో ఎగిరింది.

కేటలాగుల్లో ముందు దెబ్బతీసేవి పేర్లు. హెచ్‌ఏఎల్ అంటే 1964 అక్టోబరు దాకా హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్, ఆ తర్వాత హిందుస్థాన్ ఏరోనాటిక్స్. పొట్టి పేరు మాత్రం మారలేదు. ఎన్‌ఏఎల్, అంటే విమాన పరిశోధన చేసే నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్, పేరులో ‘ఏరోస్పేస్’ చేరింది 1993లో, అంతకుముందు ‘ఏరోనాటికల్’. పాత పేరుతో వెతక్కపోతే పాత ఫైలు దొరకదు. ఇంకోటి, ఫ్యాక్టరీ రక్షణ శాఖ కిందికి వచ్చింది 1951 జనవరిలో. అంతకుముందు పరిశ్రమలు, సరఫరాల శాఖ చూసేది. 1948 నాటి సంగతి కోసం రక్షణ శాఖ ఫైళ్ళు తిరగేసి లాభం లేదు. సంస్థానం ఇచ్చిన స్థలం, పెట్టిన డబ్బు గురించి అయితే బెంగళూరులోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో మైసూరు ఫైళ్ళు చూడు.

ఫైలు చేతికొచ్చాక ఉత్తరాల కన్నా ముందు నోట్ షీట్లు, అంటే అధికారులు ఫైల్లో తమలో తాము రాసుకున్న అభిప్రాయాలు, చదువు. బయటికి వెళ్ళిన ఉత్తరంలో నిర్ణయం ఒక్కటే ఉంటుంది. ఎవరు అడ్డుచెప్పారు, ఎందుకు చెప్పారు అన్నది నోట్ షీట్లోనే తెలుస్తుంది. ఫొటో తీసేటప్పుడు మొదట అట్ట, తర్వాత ప్రతి పేజీ నంబరుతో సహా పడేలా తియ్యి. అట్ట లేని ఫొటోలు ఏ ఫైలువో ఆర్నెల్ల తర్వాత చెప్పలేం, ఉదహరించనూ లేం.

నన్నడిగితే నీ మొదటి అధ్యాయానికి 1944 నాటి భౌతిక శాస్త్రవేత్త హోమీ భాభా ప్రయోగాన్ని మించింది లేదు. అమెరికా వైమానిక దళ విమానంలో కణాలను లెక్కించే గైగర్ కౌంటర్లు పెట్టి, బెంగళూరు మీద 30,000 అడుగుల ఎత్తు దాకా మీసాన్లను (అంతరిక్ష కిరణాలు గాలిని ఢీకొన్నప్పుడు పుట్టే కణాలను) కొలిచారు. ఊరు భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గర కాబట్టి అంతరిక్షం నుంచి వచ్చే తక్కువ శక్తి కణాలు అక్కడికి చేరలేవు. అందుకే ఉత్తరాది దేశాల లెక్కలతో పోల్చి చూడటానికి ఈ కొలతలు అంత విలువైనవి. ఎత్తులు, లెక్కింపులు 1945లో అచ్చయిన ఫిజిక్స్ వ్యాసంలో ఉన్నాయి. విమానం సంగతికి అలబామాలో మాక్స్‌వెల్ వైమానిక స్థావరంలో ఉన్న దళాల చరిత్రలు చూడాలి. రెంటినీ తేదీల వారీగా పక్కపక్కన పెట్టు. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆవరణలోనే 1945లో టీఐఎఫ్‌ఆర్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్) పుట్టి, తర్వాత బొంబాయి వెళ్ళింది. పెద్ద యంత్రాలు, పెద్ద ఖర్చుతో చేసే భారీ విజ్ఞానం బెంగళూరుకు యుద్ధ విమానాల వెంటే వచ్చిందని నా నమ్మకం.

ఎన్‌ఏఎల్‌లో 1967 నాటి 1.2 మీటర్ల విండ్ టన్నెల్ (విమానాల నమూనాల మీదికి వేగంగా గాలి వదిలి పరీక్షించే సొరంగం) గురించి రాసేటప్పుడు కంప్రెసర్లు, గాలి ట్యాంకులు మరిచిపోకు. గాలిని ట్యాంకుల్లో నిదానంగా నింపి ఒక్కసారిగా వదులుతారు, ఒక్కో పరీక్ష సాగేది కొన్ని సెకన్లే. అంత వేగంతో గాలిని ఆగకుండా నడపాలంటే కరెంటు విపరీతంగా కావాలి. కరెంటు, కంప్రెసర్ల కొనుగోలు కాగితాలు దొరికితే అసలు కథ అక్కడే ఉంటుంది.

ఇక్కడ బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీస్ యుద్ధకాలపు ఫైళ్ళు నేను చూడగలను. పూర్తి ఫైలు నంబరు రాస్తే ఫొటోలు తీసి పంపుతాను.

అమ్మకూ నాన్నకూ నా నమస్కారాలు చెప్పు.

మీ అక్క