చవితి చంద్రుడు ఒక్కడే

తాడేపల్లిగూడెం,
ఆదివారం రాత్రి

చిన్నా,

ఫోన్‌లో చెప్పొచ్చు కదా, ఉత్తరం ఏమిటి అనుకుంటావు. ఫోన్‌లో అయితే నేను రెండు ముక్కలు అనగానే నువ్వు "సరే నాన్నా, చూస్తాలే" అంటావు, అక్కడితో సరి. ఇంకో సంగతి. ఇది గీతల కాగితం మీద రాస్తున్నాను. అక్షరాలు గీత దాటలేదు, గమనించావా?

కంటి లెన్స్‌ల డబ్బా సొరుగులో పడేశావని, "ఇవి నా వల్ల కాదు" అన్నావని మీ అమ్మ చెప్పింది. నాకు చెప్పొద్దన్నావట. మీ అమ్మ నోట్లో నువ్వుగింజ నానదని ఇరవై ఏళ్ళు ఈ ఇంట్లో పెరిగి కూడా నీకు తెలియకపోతే తప్పు నీదే.

మొదట తిడదామనే అనుకున్నాను. తీరా ఫోన్ చేతిలోకి తీసుకున్నాక 2003లో నేను చేసిన పని గుర్తొచ్చింది. ఫోన్ పక్కన పెట్టేశాను.

నీకు ఆ కథ సగమే తెలుసు. కెరటోకోనస్ అనే మాట నేను మొదటిసారి విన్నది 24వ ఏట. అంతకుముందు మూడేళ్ళు ఒక కళ్ళజోళ్ళ షాపాయన ఆర్నెల్లకోసారి అద్దాలు మారుస్తూ పోయాడు. సిలిండర్ పవర్ పెరిగింది, యాక్సిస్ మారింది అనేవాడు. ఆయన అద్దం మార్చినప్పుడల్లా మీ తాతయ్య వడ్లు అమ్మిన డబ్బుల్లోంచి తీసి ఇచ్చేవాడు. నల్లగుడ్డు మీద వాచీ అద్దంలా ఉండే పొర పలచబడి ముందుకు పొడుచుకొస్తోందని, అది వంకరటింకరగా ఉన్నప్పుడు ఎదురుగా ఎంత మంచి కళ్ళజోడు పెట్టినా లాభం లేదని చివరికి ఒక పెద్దాసుపత్రిలో చెప్పారు. సెమీ సాఫ్ట్ లెన్స్ రాశారు. పేరులో సాఫ్ట్ ఉందని మోసపోకు, గట్టి ప్లాస్టిక్. చొక్కా గుండీ అంత ఉంటుంది, సరాసరి నల్లగుడ్డు మీదే కూర్చుంటుంది. నాకైతే సరిగ్గా ఆ కోను మొన మీద రాసుకునేది. కంట్లో ఇసుక పోసుకుని కళ్ళు తెరువు అన్నట్టుండేది. చాలామందికి అవి హాయిగానే పడతాయి, నాకు పడలేదు.

పదకొండు రోజులు పెట్టుకున్నాను. పన్నెండో రోజు వాష్‌బేసిన్‌లో పడిపోయింది అని ఇంట్లో చెప్పాను. పడిపోలేదురా. నేనే వదిలేసి కుళాయి తిప్పాను. ఈ ముక్క మీ అమ్మకి కూడా నిన్న రాత్రే చెప్పాను.

ఆ తర్వాత మళ్ళీ లెన్స్ జోలికి పోలేదు. ఇరవై రెండేళ్ళు. రాత్రిపూట మిమ్మల్ని ఎక్కడికీ తీసుకెళ్ళనని, సెకండ్ షో అంటే చిరాకు పడతానని మీరిద్దరూ ఎన్నిసార్లు అలిగారో నాకు గుర్తుంది. ఎదురొచ్చే లారీకి రెండు లైట్లు ఉంటాయి కదా, నాకు పది కనిపించేవి, ఒక్కోదానికి తోక కూడా. లారీ ఎక్కడ ఉందో తెలియదు. ఆ మాట చెప్పడానికి సిగ్గుపడి చిరాకు నటించేవాణ్ణి. వినాయక చవితి నాడు చంద్రుణ్ణి చూడొద్దని మామ్మ గోల చేసేది గుర్తుందా? ఒక్క చంద్రుణ్ణి చూస్తేనే నీలాపనిందలు. నాకు ఐదుగురు కనిపించేవాళ్ళు. నా మీద ఎన్ని నిందలు పడాలో లెక్క వేసుకో.

మన మందుల షాపులో ట్యాబ్లెట్ స్ట్రిప్ ముక్కుకి ఆనించి చదివితే జనం నాకు అనుభవం ఎక్కువ అనుకునేవాళ్ళు. డాక్టరు రాత అర్థం కాకపోతే చీటీ షాపు కుర్రాడు శీను చేతికిచ్చి "చదవరా, నేర్చుకో" అనేవాణ్ణి. వాడు నిజంగానే నేర్చుకున్నాడు, అది వేరే సంగతి.

నేను పారేసిన పని నిన్ను పట్టుకోమని ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? అందుకే నీకు చెప్పకుండా రత్నాచల్ ఎక్కి వైజాగ్ కంటాసుపత్రికి వెళ్ళాను. మొత్తం మూడుసార్లు. షాపుకి సరుకు కోసం వెళ్ళానని నీతో చెప్పింది మీ అమ్మే. నా రహస్యం దాచగలిగింది, నీది దాచలేకపోయింది, చూశావా.

అక్కడ ఫిట్టింగ్ చేసిన అమ్మాయికి నీకన్నా ఓ నాలుగేళ్ళు ఎక్కువుంటాయేమో. నా కుడికన్ను పొర ఎత్తుపల్లాలు చూపే టోపోగ్రఫీ పటం చూపించింది. ఎర్రటి మచ్చ మధ్యలో లేదు, కిందకి జారిన బొట్టులా ఉంది. మామూలు మనిషికి ఆ పొర నడుమ 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరు పైచిలుకు ఉంటుంది. నాకు పలచటి చోట 410, ఎడమకన్ను ఇంకా తక్కువ. ఎడమదాని మీద చిన్న మచ్చ కూడా ఉంది, అక్కడ చూపు పూర్తిగా రాదు అంకుల్ అని ముందే చెప్పేసింది. అలా చెప్పడం నాకు నచ్చింది.

అప్పుడు స్క్లీరల్ లెన్స్ తీసింది. నీ దగ్గరున్నవీ అవే కదా. నీలాగే నేనూ దాని సైజు చూసి కుర్చీలో వెనక్కి జరిగాను. ఇది కంట్లోనా? అయితే ఆ పెద్దరికంలోనే ఉంది దాని తెలివంతా. అది నల్లగుడ్డుని అసలు ముట్టుకోదు. తెల్లగుడ్డు మీద అంచు ఆనించి, నల్లగుడ్డు మీద గొడుగు పట్టినట్టు నిలబడుతుంది. మధ్యలో ఖాళీ పావు మిల్లీమీటరు కూడా ఉండదు, దాన్నిండా సెలైన్. మన హౌసింగ్ బోర్డు రోడ్డు గతుకులు వానాకాలంలో చూశావుగా? నీళ్ళు నిండితే పైకి అద్దంలా కనిపిస్తుంది. అంతే. మన గతుకులన్నీ ఆ నీళ్ళ కింద మునిగిపోతాయి. వెలుగు పైనున్న నునుపు మీంచి లోపలికి పోతుంది.

పసుపు రంగు చుక్క కలిపిన సెలైన్‌తో ట్రయల్ లెన్స్ పెట్టి అరగంట కూర్చోమంది, అది కంట్లో సర్దుకోవాలట. తర్వాత నీలం లైటు వేసి లోపల ఎక్కడ ఎంత ఖాళీ ఉందో చూసింది. మొదటిది మొనకి తగిలింది. రెండోదాని అంచు తెల్లగుడ్డు మీది రక్తనాళాలని నొక్కేసింది. మూడోది కుదిరింది. దాని మీద పవర్ అద్దాలు మారుస్తూ, చార్టు చదవమంది.

చదివానురా. కుడికన్నుతో కింది నుంచి రెండో గీత. ఆ అమ్మాయి "ఇంకా కిందది?" అంటే గొంతు పెగల్లేదు, అక్షరం కనిపించక కాదు.

ఆర్డరిచ్చిన లెన్స్‌లు మూడు వారాలకి వచ్చాయి. అవి ఇంట్లో పెట్టుకుంటే సాయంత్రానికి కుడికన్ను ఎర్రబడి, తీసేశాక తెల్లగుడ్డు మీద చేతి గాజు నొక్కుకున్నట్టు గుండ్రంగా గుర్తు. పాత బుద్ధి వెంటనే లేచింది, పారేద్దామా అని. ఈసారి ఫోన్ చేశాను. అంచు బిగుతుగా ఉంది, మార్చి చేయిస్తాం, రమ్మన్నారు. మార్చాక ఆ గుర్తు లేదు. నీకు నొప్పి అంటున్నావట. నీది కూడా అంచే అయ్యుండొచ్చు. వాళ్ళకి చెప్పావా? టైలర్ చొక్కా చంక దగ్గర పట్టేస్తే తిరిగి వాడి దగ్గరికే వెళ్తాం గానీ, చొక్కాలు మానేసి బనీనుతో తిరగం కదా. చివరిసారి వెళ్ళినప్పుడు ఆ అమ్మాయే చెప్పింది, 1888లో జ్యూరిచ్‌లో ఫిక్ అనే డాక్టరు ఇలాంటిదే గాజుతో చేయించి, ముందు కుందేళ్ళకి, ఆ తర్వాత తన కంట్లో పెట్టుకున్నాడట, లోపల ద్రాక్ష చక్కెర కలిపిన నీళ్ళు పోసి. అదే ఏడు ప్యారిస్‌లో కల్ట్ అనే ఆయన మన జబ్బువాళ్ళకే గాజువి పెట్టాడు. గాజు! మనం ప్లాస్టిక్‌కి ఏడుస్తున్నాం.

ఇక పెట్టుకోవడం. ఇక్కడే కదా నీ గొడవంతా.

మొదటి రోజు నాకు యాభై నిమిషాలు పట్టింది. మీ అమ్మ బొట్టు పెట్టుకునే అద్దం బల్ల మీద పడుకోబెట్టాను, గోడ అద్దం దీనికి పనికిరాదు. బల్ల మీద తువ్వాలు పరిచాను. పాలపీక లాంటి ఆ రబ్బరు ప్లంజర్ మీద లెన్స్ నిలబెట్టి, సెలైన్ అంచు దాటి ఉబ్బేలా నింపాను. తల వంచాను. చేయి వణికింది, నీళ్ళు గడ్డం మీంచి కారాయి. మళ్ళీ నింపు, మళ్ళీ వంగు. ఏడుసార్లయ్యాక మీ అమ్మ వచ్చి నేను ఏడుస్తున్నాననుకుని పక్కన కూర్చుంది. ఎనిమిదోసారి లోపలికి పోయింది గానీ మధ్యలో గాలిబుడగ. బుడగ ఉంటే చూపు మసక, కన్ను మంట. తీసి మళ్ళీ.

నాకు పట్టుబడిన కిటుకు ఇది. మొహం నేలకి పూర్తిగా సమాంతరంగా ఉండాలి, కొంచెం కూడా ఏటవాలు పనికిరాదు. కన్ను లెన్స్ దగ్గరికి తీసుకెళ్ళకుండా లెన్స్‌నే కంటి దగ్గరికి పైకి తీసుకురా. పై రెప్పని రెప్పవెంట్రుకల మొదట్లో పట్టుకుని కనుబొమకి నొక్కి పెట్టు. చివరి క్షణంలో కన్ను మూసుకుపోతుంది, అది దాని గుణం. నీళ్ళు చల్లగా తగిలినా ఆగకు, ఆ చల్లదనం వచ్చిందంటే వచ్చేసినట్టే. తీసేటప్పుడు మాత్రం రెండు చుక్కలు వేసి, ప్లంజర్ లెన్స్ అంచు దగ్గర ఆనించు, నడుమ కాదు. లెన్స్ కంట్లో ఉందో లేదో చూసుకోకుండా ప్లంజర్ అసలు పెట్టకు. లేని లెన్స్ కోసం పెడితే నల్లగుడ్డునే పీకుతావు.

కుళాయి నీళ్ళు ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. మీ హాస్టల్ ఆర్వో నీళ్ళు కూడా వద్దు. నీళ్ళలో అకాంతమీబా అనే సూక్ష్మజీవి ఉంటుంది, అది నల్లగుడ్డుని తినేస్తుంది. మందుల షాపువాడి కొడుకువి, ఇది కూడా చెప్పించుకుంటావా? ప్రిజర్వేటివ్ లేని సెలైన్ వాడు. పడుకునే ముందు తీసెయ్యి.

అన్నీ బాగున్నాయని చెప్పను. మధ్యాహ్నం మూడు దాటితే లోపలి నీళ్ళు మబ్బు పట్టి చూపు పొగమంచులా అవుతుంది. షాపు వెనక గదిలోకి వెళ్ళి తీసి, కొత్త సెలైన్ పోసి మళ్ళీ పెట్టుకుంటున్నాను. డబ్బు కూడా మాటలు కాదు, మీ అమ్మ చిట్టీ ముందే పాడేసింది. ఇంకో నవ్వొచ్చే సంగతి. నాకు నలభై ఆరు కదా, లెన్స్‌లు పెట్టుకున్నాక దూరంది అద్దంలా కనిపిస్తోంది గానీ స్ట్రిప్ మీద ఎక్స్‌పైరీ డేట్ చదవడానికి రీడింగ్ గ్లాసులు కావాల్సొచ్చాయి! శీను పగలబడి నవ్వాడు.

కానీ మొన్న రాత్రి డాబా ఎక్కి చూశాను. ఎడమకన్ను మూసుకుని చూస్తే చంద్రుడు ఒక్కడే. పక్కింటి కరెంటు తీగ కూడా ఒక్కటే. కిందకి దిగి ఫ్యాను రెక్కల మీద దుమ్ము చూసి ఏదో అన్నాను. లెన్స్‌లు తీసెయ్యమంది మీ అమ్మ.

నీకు నాకన్నా ఒక మేలు జరిగింది, అది మర్చిపోకు. పోయినేడు నీకు C3R అనే చికిత్స చేశారు. ఆ పసుపు చుక్కల్లో ఉన్నది రిబోఫ్లేవిన్, నోటిపూతకి నేను రోజూ అమ్మే బి-కాంప్లెక్స్‌లో ఉండేదే. అది కంట్లో ఇంకాక అతినీలలోహిత కాంతి పెడితే పొర గట్టిపడి కోను పెరగడం ఆగుతుంది. ట్యాబ్లెట్లు మింగితే రాదు, అడిగినవాళ్ళకి చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. జర్మనీలో డ్రెస్డెన్ డాక్టర్లు ఆ ఫలితాలు ప్రచురించిందే 2003లో, అంటే నేను లెన్స్ బేసిన్‌లో వదిలిన ఏడే. నా కోను దానంతటది అలిసిపోయి ఆగింది. నీది ఆపించాం. అయితే C3R ఉన్నదాన్ని ఆపుతుంది, చూపు తేవడం లెన్స్ పని. గోడకి అంటించుకున్నావే, ఆ బాస్కెట్‌బాల్ ఆటగాడు స్టీఫెన్ కర్రీకీ ఈ జబ్బే. 2019లో తనే చెప్పాడు, లెన్స్‌లు పెట్టుకుంటున్నానని. కూర పేరువాడు అంత దూరం నుంచి బంతి వేస్తుంటే, చారు తాగి పెరిగినవాడివి నీకేమైంది?

కళ్ళు నలపడం మానావా? ఎండాకాలం దురద వస్తే ఫ్రిజ్‌లో పెట్టిన చుక్కలు వేసుకో, డాక్టరు రాసినవే. ఎవడో రూమ్మేట్ ఇచ్చిన స్టీరాయిడ్ చుక్కలు వేశావంటే ఊరుకోను. చెల్లికి కూడా టోపోగ్రఫీ తీయించాను, బాగానే ఉంది, ఏటా చూపించమన్నారు. నా నుంచే వచ్చిందేమో మీకు అని రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. ఇప్పటికీ కొంచెం అంతే.

రేపు వాళ్ళకి ఫోన్ చేసి నొప్పి సంగతి చెప్పి అపాయింట్‌మెంట్ తీసుకో. వాళ్ళు సరిచేశాక, పొద్దున ఏడున్నరకి వీడియో కాల్ చెయ్యి. నువ్వక్కడ, నేనిక్కడ, ఇద్దరం ఒకేసారి పెట్టుకుందాం. కుడికన్ను ముందు. బుడగ ఎవరికి వస్తే వాళ్ళు మళ్ళీ.

మీ నాన్న

తా.క.: పార్శిల్‌లో సెలైన్ ఆంప్యూల్స్ రెండు పెట్టెలు, మీ అమ్మ చేసిన సున్నుండలు పంపుతున్నాను. సున్నుండ తిన్న చేత్తో లెన్స్ ముట్టుకోకు. సబ్బుతో రెండుసార్లు కడుక్కో. నెయ్యి అంటిందంటే రోజంతా మబ్బే, నాకు నిన్ననే తెలిసింది.