రెన్ డే గురించి

సభ్యులందరికీ నమస్కారం. ఐర్లండ్ చలికాలపు ఆచారాల గురించి అడిగినవారి కోసం ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

క్రిస్మస్ మరునాడు, డిసెంబరు 26న, అక్కడ సెయింట్ స్టీఫెన్ దినం; పల్లెల్లో దాన్నే రెన్ డే అంటారు. రెన్ పిచ్చుక కన్నా చిన్నది, తోక పైకెత్తి తిరిగే గోధుమరంగు పిట్ట. పూర్వం కుర్రవాళ్లు పొదలు గాలించి దాన్ని చంపి, రిబ్బన్లు చుట్టిన కొమ్మకు కట్టి, ఇంటింటికీ తిరిగి పాట పాడుతూ, పిట్టను పూడ్చడానికని చిల్లర అడిగేవారు. వసూలైన డబ్బు విందుకూ నాట్యానికీ ఖర్చయ్యేది. శత్రువులకు చిక్కకుండా దాక్కున్న క్రైస్తవ సాధువు స్టీఫెన్‌ను ఈ పిట్టే కూసి పట్టించిందని ఒక కథ ఉంది గానీ, అది ఆచారం పుట్టాక అల్లిందేమోనని నా అనుమానం. ఇప్పుడు పిట్టను చంపరు, బొమ్మను కడతారు.

కెర్రీ కౌంటీలోని డింగిల్ పట్టణంలో ఈ వేడుక నేటికీ జోరుగా సాగుతుంది. ఎండుగడ్డితో అల్లిన దుస్తులు తొడిగి, మొహం కనపడకుండా గడ్డి టోపీ దించుకుని, పిల్లనగ్రోవులూ డప్పులూ మోగిస్తూ వీధుల్లో నడిచేవారిలో పక్కింటివాడెవరో పోల్చుకోవడం కష్టం.

అక్కడ క్రిస్మస్ పండుగరోజులు జనవరి 6తో ముగుస్తాయి. ఆ రోజుకు ఆడవాళ్ల క్రిస్మస్ అని పేరు. ఆనాడు ఇంటిపని మగవాళ్లకు అప్పగించి, స్త్రీలు చుట్టాల, స్నేహితుల ఇళ్లకు వెళ్లి టీ, కేకులతో తీరిగ్గా కబుర్లు చెప్పుకుంటారు.