వార్షిక నివేదిక 2024–25: గేటు ముందు ర్యాంపులు, వాన నీటి కాలువ

గౌరవ సభ్యులకు నమస్కారం.

పార్కు నిర్వహణ, వీధి దీపాలు, కాపలా ఏర్పాట్లు ఈ ఏడాదీ ఎప్పటిలాగే సాగాయి. వాటి జమాఖర్చుల పట్టిక విడిగా అందజేస్తున్నాము. కార్యవర్గం సమయాన్ని ఎక్కువగా తీసుకున్నది మాత్రం గేట్ల ముందు మనం వేసుకున్న ర్యాంపులు, వాటి కింద పూడుకుపోయిన వాన నీటి కాలువ.

2020 అక్టోబరులో హైదరాబాదును ముంచిన వానల తరువాత ప్రభుత్వం నాలాల (నగరంలోని పెద్ద వరద కాలువల) విస్తరణకు ఎస్‌ఎన్‌డీపీ పథకం చేపట్టింది. మన వీధుల్లో నీరు నిలవడానికి కూడా నాలాయే కారణమని ఇంతకాలం అనుకున్నాము. గత వానాకాలంలో నాలాలో నీరు తక్కువగానే ఉన్నా వీధి ఎగువన మోకాలి లోతు నీరు నిలవడంతో, స్లాబులు లేపించి చూశాము. కాలువ రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతున ఉంది. ర్యాంపుల కింద మాత్రం చాలాచోట్ల ఆరంగుళాల గొట్టం పెట్టి, మిగిలినదంతా కాంక్రీటుతో మూసేశారు. కాలువ అడ్డుకోత 576 చదరపు అంగుళాలైతే గొట్టం నోరు సుమారు 28 మాత్రమే, అంటే అలాంటివి ఇరవై గొట్టాలు పెట్టినా కాలువకు సాటి రావు. ఆ గొట్టానికి ఒక్క కొబ్బరి బోండాం అడ్డుపడినా చాలు, ఎగువ ఇళ్లవారి సంపుల్లోకి మురికినీరు చేరుతుంది. నివేదిక రాస్తున్న కార్యదర్శి ఇంటి ముందు కూడా ఇదే పరిస్థితి కాబట్టి, మొదట పగలగొట్టింది ఆ ర్యాంపునే.

తప్పంతా ఇంటి యజమానులదే అనడం న్యాయం కాదు. పాత తారు గీకకుండా దాని మీదే కొత్త పొర వేసిన ప్రతిసారీ రోడ్డు ఎత్తు పెరుగుతుంది, ఇల్లు పల్లమవుతుంది, యజమాని గేటు ఎత్తు పెంచి ర్యాంపును మరికాస్త ముందుకు జరుపుతాడు. పూడిక తీయాలని సంబంధిత కార్యాలయానికి రెండుసార్లు అర్జీ ఇచ్చాము. పూడిక తీశారు, కానీ గట్టునే వదిలేయడంతో తరువాతి వానకు అది తిరిగి కాలువలోకే చేరింది.

ప్రధాన రహదారి వైపు కొత్తగా కడుతున్న అపార్టుమెంటు విషయంలో మాత్రం ముందే మేల్కొన్నాము. సెల్లార్ ర్యాంపు వాలు ప్లాటు లోపలే ముగియాలని, గేటు వద్ద కాలువ మీద గొట్టానికి బదులు లేపడానికి వీలైన స్లాబులు పరచాలని, గేటు లోపల అడ్డంగా ఇనుప జాలీతో చిన్న కాలువ తీసి, రోడ్డు నీరు సెల్లార్‌లోకి దిగకుండా దాని ముందు కొంత ఎత్తు ఉంచాలని బిల్డరును కోరాము. పైకప్పు నీటిని రోడ్డు మీదికి వదలకూడదన్న షరతు దగ్గరే చర్చ ఎక్కువసేపు నడిచింది. మూడు వందల చదరపు గజాల పైకప్పు మీద రెండు సెంటీమీటర్ల వాన కురిస్తే దాదాపు ఐదు వేల లీటర్ల నీరు దిగుతుందని లెక్క వేసి చూపించాక, ఇంకుడు గుంతను మొదట అనుకున్నదానికంటే పెద్దది చేయడానికి ఆయన ఒప్పుకున్నారు.

500 చదరపు మీటర్ల లోపు ప్లాట్లలో పది మీటర్ల ఎత్తు లోపు నివాస భవనాలకు 2020 నాటి టీఎస్ బీపాస్ (భవన నిర్మాణ అనుమతుల) చట్టం కింద స్వీయ ధ్రువీకరణతోనే, అంటే అధికారుల ముందస్తు తనిఖీ లేకుండానే, అనుమతి లభిస్తుంది. అందువల్ల పాత ఇల్లు పడగొట్టి కట్టుకునే సభ్యులు పునాది దశలోనే గేటు మట్టం, కాలువ మట్టం కార్యవర్గానికి చూపితే, తరువాత పగలగొట్టే ఖర్చు తప్పుతుంది.

బడి సందు మూలన ఉన్న నాలుగు ర్యాంపులు ఇంకా మార్చవలసి ఉంది. ఆ ఇళ్లవారిలో ఇద్దరు వృద్ధులు చక్రాల కుర్చీ వాడుతున్నందున, వాలు తగ్గించి, కాలువ పైన జాలీ వేసే పద్ధతికి మేస్త్రీతో కొలతలు వేయిస్తున్నాము. తొలకరికి ముందే ఆ పని ముగించాలని కార్యవర్గం తీర్మానించింది. మిగిలిన సభ్యులు మే నెలాఖరులోగా తమ గేటు ముందు ఒక స్లాబు లేపి కాలువ చూపించవలసిందిగా కోరుతున్నాము.

కార్యదర్శి
కాలనీ సంక్షేమ సంఘం