మా పింఛనుకు డీఏ (కరువు భత్యం) కలపండి: కేంద్ర కార్మిక మంత్రికి బహిరంగ లేఖ

విజయనగరం జిల్లా,
డిసెంబరు 2025

కేంద్ర కార్మిక, ఉపాధి శాఖ మంత్రి శ్రీ మన్‌సుఖ్ మాండవీయ గారికి,

నమస్కారం. నేను జూట్ మిల్లులో పనిచేసి 2012లో రిటైరైన కార్మికుణ్ని. ఉద్యోగుల పింఛను పథకం ఈపీఎస్-95 కింద నెలకు 1,240 రూపాయల పింఛను వస్తోంది. రిటైరైన ఏడాది ఎంత వచ్చిందో ఈ నెలా అంతే వచ్చింది. ఒక్క రూపాయి తగ్గలేదు, అది నిజమే. ఒక్క రూపాయి పెరగనూ లేదు.

పింఛను ఇంత తక్కువ ఎందుకని మీ అధికారులను అడిగితే ఫార్ములా చూపిస్తారు. జీతాన్ని సర్వీసు ఏళ్లతో గుణించి 70తో భాగించాలి. మా మిల్లుల్లో జీతం చిన్నది. పైగా గోగునార రేటు పెరిగిందనో, ఆర్డర్లు లేవనో గేటుకు లాకౌట్ నోటీసు అంటించేవారు. పని లేని ఆ నెలలు సర్వీసులో కోతపడ్డాయి. మూత వేసింది మేం కాదు, కోత మాత్రం మాకు. సరే, ఆ పాత గొడవ ఇప్పుడు తవ్వను. లెక్క ప్రకారం మొదటి నెల పింఛను అంతే వచ్చిందనుకుందాం. నేను అడిగేది ఆ తర్వాతి సంగతి.

మిల్లులో ఉన్నన్నాళ్లూ మాకు వీడీఏ, అంటే ధరలతో పాటు మారే డీఏ, ఉండేది. ధరల సూచీ పాయింట్లు పెరిగితే జీతంలో కొన్ని రూపాయలు కలిసేవి. నోటీసు బోర్డు మీద కొత్త పాయింట్లు అంటిస్తే అందరం మూగి చూసేవాళ్లం. ఆ సూచీని తయారుచేసే లేబర్ బ్యూరో మీ శాఖ కిందిదే. నెల నెలా దేశంలోని పారిశ్రామిక కేంద్రాల్లో బియ్యం, పప్పు, మందుల ధరలు సేకరించి పారిశ్రామిక కార్మికుల సూచీని ప్రకటిస్తారు. 2016లో 100 అనుకుంటే అది ఇప్పుడు 147 దాటింది. అప్పట్లో వందకు వచ్చిన సరుకు ఇప్పుడు నూట నలభై ఏడు పెడితేగాని రాదని మీ శాఖే చెబుతోంది. మరి అదే శాఖ చూసే మా పింఛను మీద ఆ సూచీ నీడ కూడా పడదేం? పనిచేస్తున్నంత కాలం ధరలు పెరుగుతాయని ఒప్పుకున్న ప్రభుత్వం, యాభై ఎనిమిది నిండగానే పెరగవనుకుంటోందా?

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు, వారి పింఛనుదారులకు జనవరిలో ఒకసారి, జులైలో ఒకసారి డీఏ లెక్క కడతారు. ఆ లెక్కకు వాడేది మా పేరుతో ఉన్న ఈ సూచీనే. వాళ్లకు పెరిగిందని నాకు కడుపుమంట లేదు. ఎనిమిదో వేతన సంఘం వేశారు, మంచిదే. కానీ పారిశ్రామిక కార్మికుడి బతుకు ఖర్చును కొలిచి, ఆ కొలత ప్రకారం అందరికీ పెంచి, ఆ కార్మికుణ్నే వదిలేయడం ఏం న్యాయం?

ఇక మా ఇల్లు ఎలా నడుస్తోందో చెబుతాను. రేషన్ బియ్యం వస్తాయి. దీపం పథకంలో ఏడాదికి మూడు గ్యాస్ బండలు వస్తాయి. ఈ ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం కాబట్టి ఊళ్లో పనులన్నీ మా ఇంటావిడవే. బ్యాంకు, మందులు, రైతుబజారు అన్నీ ఆవిడే చూసుకుంటుంది. నేను వెళితే చార్జీ అవుతుంది. ఇవి లేకపోతే మేం ఏనాడో చేతులెత్తేసేవాళ్లం. కాబట్టి ప్రభుత్వాలు ఏమీ చేయడం లేదని రాయలేను.

చిక్కంతా బియ్యం తర్వాతే మొదలవుతుంది. ఇద్దరికీ బీపీ, నాకు షుగరు. జనరిక్ షాపులో కొంటే బిల్లు బాగా తగ్గుతుంది, కానీ అక్కడ ఒక మాత్ర ఉంటే ఇంకొకటి ఉండదు. ఈఎస్ఐలో కనీసం ఐదేళ్లు ఉండి రిటైరైనవాళ్లు ఏడాదికి 120 రూపాయలు కడితే భార్యాభర్తలకు ఈఎస్ఐ వైద్యం ఉంటుంది. మా వాళ్లలో చాలామందికి ఈ సంగతే తెలియదు, చదివేవారిలో ఎవరికైనా పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను. కందిపప్పు పావుకిలో తెస్తాం. పప్పు పలచబడి చారవుతుంది, ఇంకొన్నాళ్లకు ఆ చారూ వట్టి చింతపండు చారవుతుంది. కూరగాయలకు రైతుబజారు కట్టేసే వేళకు వెళ్లాలి. పుచ్చులు, వడలినవి ఏరుకోవాల్సిందే గానీ సగం ధరకు వస్తాయి. కిరాణా కొట్టులో ఖాతా ఉంది. ఒకటో తారీఖున పాతబాకీలో కొంత కట్టి కొత్త బాకీ రాయించుకుంటాం. ఖాతా ఎన్నడూ సున్నా అవదు.

వీటన్నిటికంటే నాకు టెన్షన్ పెళ్లికార్డులతో. మాఘం, ఫాల్గుణం వచ్చాయంటే కార్డు తెచ్చినవాళ్లను నవ్వుతూ కూర్చోబెట్టి, లోపల మాత్రం చదివింపుల లెక్క వేసుకుంటాను. మనింట పెళ్లికి వాళ్లు 516 చదివించారు, మనం 116 ఇస్తే బాగుంటుందా? అసలు వెళ్లకపోతే? వెళ్లకపోవడానికే ఒంట్లో బాగోలేదని చెప్పడం అలవాటైంది. డబ్బు లేనివాడు ముందు తిండి తగ్గిస్తాడనుకుంటారు. మొదట తగ్గేది బంధుత్వాలు. దాని గురించి ఏ సూచీలోనూ పాయింట్లు ఉండవు.

అబ్బాయి విశాఖలో డ్రైవరు. పంపగలిగిన నెల పంపుతాడు. అడగడానికి నాకు నోరు రాదు, వాడికీ ఇద్దరు పిల్లలు. అందుకే ఈ వయసులో ఒక అపార్ట్‌మెంటు దగ్గర రాత్రి కాపలాకు పోతున్నాను. నా పక్క గేటు దగ్గర ఉండేదీ మా మిల్లు మనిషే.

కనీస పింఛను 1,000 రూపాయలని 2014 సెప్టెంబరులో నిర్ణయించారు. అప్పటికే నాకు వెయ్యి దాటింది కాబట్టి అందులో నాకు దక్కింది ఏమీ లేదు. మా వీధిలో ఒక వితంతువుకు ఆ వెయ్యే వస్తోంది. రేపు నేను పోతే మా ఇంటావిడకూ అంతే. అదే వీధిలో రాష్ట్ర ప్రభుత్వ వృద్ధాప్య పింఛను 4,000. ఆ నాలుగు వేలు తగ్గించమని ఎవరూ అనకూడదు, నేనూ అనను. కానీ తన పేరుమీద ఏళ్ల తరబడి చందా జమైన మనిషి కుటుంబానికి అందులో నాలుగో వంతు రావడం చూస్తే, చందా పథకం మీద ఎవరికి నమ్మకం మిగులుతుంది?

పింఛను నిధిలో లోటు ఉందని పార్లమెంటులో జవాబిస్తున్నారు. ఆ లోటుకు ఒక కారణం మీ చేతిలోనే ఉంది. యజమాని వాటాలోంచి 8.33 శాతం, కేంద్రం నుంచి 1.16 శాతం ఈ నిధికి చేరతాయి. రెండూ 15,000 జీతం వరకే. అంటే నెలకు 1,250 ఒకరు, 174 ఒకరు. 2014 నుంచి ఆ పరిమితి కదల్లేదు. జీతాలు పెరిగాయి గానీ నిధిలో పడే చందా పెరగలేదు. పరిమితి పెంచండి, మీ 1.16ను పెంచండి. నిధి చాలదని మాకు చెప్పే ముందు ఈ రెండూ చేసి చూడాలి కదా.

రాజ్యసభ పిటిషన్ల కమిటీ, కోశ్యారీ గారి అధ్యక్షతన, కనీసం 3,000 ఇవ్వమని 2013లోనే సిఫారసు చేసింది. పింఛనుదారుల సంఘాలు ఇప్పుడు 7,500, దానిపై డీఏ అడుగుతున్నాయి. నేనూ వాళ్లతో ధర్నాలో కూర్చున్నవాణ్నే. అయినా నా అభిప్రాయం కొంచెం వేరు. రెండిట్లో ఒక్కటే ఇస్తామంటే నేను డీఏనే కోరుకుంటాను. డీఏ లేకుండా 7,500 ప్రకటిస్తే దండలు, శాలువాలు అయిపోతాయి. పదేళ్లకు అదీ ఇప్పటి వెయ్యిలాగే తయారవుతుంది. అప్పుడు మా తర్వాతివాళ్లు మళ్లీ ఇలాంటి లేఖే రాసుకోవాలి.

ఈ ఏడాది జనవరి నుంచి ఏ బ్యాంకులోనైనా పింఛను తీసుకునే వీలు కల్పించారు. లైఫ్ సర్టిఫికెట్ ఫోన్‌లో ముఖం చూపించి ఇచ్చేయొచ్చు. ఇవి బాగున్నాయి. 78 లక్షలకు పైగా ఉన్న పింఛనుదారుల లెక్కలన్నీ ఒకే కంప్యూటర్ వ్యవస్థలోకి తెచ్చినవాళ్లకు, ఏడాదికి రెండుసార్లు సూచీ ప్రకారం ఆ అంకె మార్చడం సాంకేతికంగా కష్టమంటే నమ్మను.

నవంబరు 21న కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి తెచ్చారు. సామాజిక భద్రత కోడ్ కింద పథకాలు, నిబంధనలు మళ్లీ రాసే పని మీ ముందుంది. పింఛను పథకంలో ఒక క్లాజు చేర్చండి. పింఛనును పారిశ్రామిక కార్మికుల ధరల సూచీతో ముడిపెట్టి జనవరి, జులై నెలల్లో సవరించాలని, అది పాత పింఛనుదారులకూ వర్తించాలని అందులో రాయండి. 2014కు ముందు రిటైరైనవాళ్లలో ఇప్పటికే చాలామంది పోయారు. జవాబు ఇచ్చేది వచ్చే బడ్జెట్ సమావేశాల్లోగా ఇస్తే మిగిలినవాళ్లకైనా అందుతుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ జూట్ మిల్లు కార్మికుడు