జంఘ తొడ కాదు, పిక్క

సంపాదకుల వారికి,

అలిపిరి మెట్లెక్కిన వారి కాళ్ళనొప్పుల గురించి మీ ఆరోగ్య పేజీలో వేసిన వ్యాసంలో ‘జంఘ అంటే తొడ’ అని ఉంది. తప్పు. మోకాలికి కింద, చీలమండకు పైన ఉన్నది జంఘ. మనం పిక్క అంటాం. ఇదే సంస్కృత పదం హిందీలో ‘జాంఘ్’ అయి, మోకాలు దాటి తొడమీదికి ఎక్కింది. పొరపాటు అక్కణ్ణుంచే వచ్చినట్టుంది.

నిఘంటువు తిరగేయక్కర్లేదు, లలితా సహస్రనామం చదివే వాళ్ళెవరినడిగినా చాలు. వర్ణన పైనుంచి కిందికి దిగుతుంది. ‘ఊరుద్వయ’ తొడలు, ‘జానుద్వయ’ మోకాళ్ళు, తర్వాత ‘స్మరతూణాభ జంఘికా’, ఆ వెంటనే ‘గూఢగుల్ఫా’, చీలమండలు. జంఘను తొడ చేస్తే అమ్మవారికి తొడలు రెండుసార్లొచ్చి పిక్కలు లేకుండా పోతాయి! సంస్కృతంలో పరుగున కబురు మోసేవాడు జాంఘికుడు. మన ‘పిక్కబలం చూపడం’ కూడా అదే దారి. తొడ కొట్టేవాడు నిలబడతాడు, పిక్కబలం చూపేవాడు పారిపోతాడు.

మాట తారుమారైతే వైద్యమూ తారుమారవుతుంది. 3,550 మెట్లు మునివేళ్ళమీద ఎక్కితే మడమ గాలిలోనే ఉండి బరువంతా పిక్కమీద పడుతుంది. ఆ దారిలోని మోకాళ్ళ పర్వతం దగ్గర పిక్కలు పట్టేసేది అందుకే. పాదం మొత్తం మెట్టుమీద ఆనిస్తే తొడలు, పిరుదులు ఆ బరువు పంచుకుంటాయి. దిగేటప్పుడు బ్రేకు వేసేది తొడ ముందరి కండ, అప్పటి నొప్పి వేరు.

పిక్క పట్టేస్తే కాలు చాపి, కాలివేళ్ళను మీవైపుకు లాగి 30 సెకన్లు పట్టుకోండి. మోకాలు వంచకూడదు. పిక్కలోని పై కండ, గ్యాస్ట్రోక్నీమియస్, మోకాలు దాటి తొడ ఎముక అడుగున అతుక్కుని ఉంటుంది. మోకాలు వంగితే అది వదులైపోయి సాగదు.

అసలు భయం మరోటి. ‘జంఘ వాచి వేడిగా ఉంటే డాక్టరును కలవండి’ అని అదే వ్యాసంలో రాశారు. చదివినవాళ్ళు తొడ తడుముకుంటారు. ఒక కాలి పిక్క మాత్రమే వాచి, వేడెక్కి, నొక్కితే నొప్పి పెడితే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. నూనె పెట్టి రుద్దితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు. అదేరోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

సవరణ వేయండి. ఈసారి ‘పిక్క’ అనే రాయండి, పక్కన అర్థం ఇచ్చే పనుండదు.

– శరీర నిర్మాణ శాస్త్ర అధ్యాపకులు, తిరుపతి